తరగతి మొత్తానికి ఒక్క తమ్ముడు

కామా మాస్టారికి ఆ పేరు పెట్టింది పిల్లలు కాదు, ఆయన భార్యే. మొదటిసారి కలిసినప్పుడు ఆయన "మీకు, పాటలు, వచ్చా?" అని అడిగాడట. మాటకీ మాటకీ మధ్య అంతసేపు ఆగేసరికి, ప్రశ్న అయిపోయిందనుకుని ఆవిడ జవాబు చెప్పబోయి నోరు తెరిచి, మళ్లీ మూసి, మళ్లీ తెరిచి చివరికి దగ్గిందట. ఆ ఆగడం కాన్వెంటులో సిస్టర్లు నేర్పింది. కామా దగ్గర ఒక ఊపిరి, ఫుల్‌స్టాపు దగ్గర రెండు. తప్పితే అరచేతి మీద స్కేలు. ఆయన గురక పెట్టినా కామాలు పాటిస్తాడనీ, రైలు పట్టాల పక్కన కాపురం ఉన్న రోజుల్లో ఆ గురక విని సిగ్నలేమో అనుకుని డ్రైవరు గూడ్సు బండి ఆపేశాడనీ ఆవిడ చుట్టాలందరికీ చెప్పేది. చుట్టాలు నమ్మేవారు. రెండోసారి చెప్పేటప్పటికి అది ఎక్స్‌ప్రెస్ అయ్యేది.

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పీ చెప్పీ రిటైరైన మనిషి ఇంట్లో కుదురుగా ఉంటాడనుకోవడం పొరపాటు. మాస్టారు పొద్దున్నే పేపరు అందుకుని ఎర్ర సిరాతో తప్పులు దిద్దేవాడు. ఇంటికి వచ్చిన పెళ్లి శుభలేఖ కూడా దిద్ది వెనక్కి పంపాడు. అందులో పెళ్లికొడుకు పేరు కూడా మార్చేశాడని ఆయన తమ్ముడు అంటాడు గానీ, తమ్ముడి మాట సగానికి సగం కొట్టేసి వినాలి. చివరికి భార్యకి విసుగొచ్చింది. "ఎక్కడైనా పిల్లల్ని వెతుక్కుని వాళ్ల మీద పడండి, మా ప్రాణాలు తీయకండి" అంది. ఆవిడ ఊరికే అంది. మాస్టారు మాత్రం నిజమనుకున్నాడు. విదేశాల్లో సెకండరీ స్కూళ్లకి ఇంగ్లీషు చెప్పే వాలంటీర్లు కావాలనీ, జీతం ఉండదు గానీ గదీ భోజనమూ చూసుకుంటామనీ ఒక సంస్థ వాళ్లు ప్రకటన ఇస్తే, రాసి పంపించాడు. ఎంచుకున్నారు. ఏడాది పని.

తమ్ముడికి డ్రైక్లీనింగ్ షాపు ఉంది. అన్నగారి సూట్లన్నీ ఇస్త్రీ చేసి తెచ్చి ఎయిర్‌పోర్టు దాకా వచ్చాడు. "నువ్వు ఒక్క వాక్యం పూర్తి చేసేలోపు ఆ ఏడాది అయిపోతుందిలే అన్నయ్యా" అని దీవించి పంపాడు.

ఇలా వెళ్లిన మాస్టారికి ఆ దేశంలో మొదటి రోజు నుంచీ భయమే. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినా సరే, గంట కొట్టగానే మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాడు. క్లాసు మూడో అంతస్తులో. పదిహేను, పదహారేళ్ల పిల్లలు. తిట్టరు, అల్లరి చేయరు, నవ్వరు. ప్రశ్న అడిగితే ఆయన బూట్ల వైపు చూస్తారు. మళ్లీ అడిగితే బల్ల వైపు చూస్తారు. అల్లరి క్లాసుని ఎలా అదుపు చేయాలో మాస్టారికి తెలుసు గానీ, నోరు మెదపని క్లాసుని ఏం చేయాలో ఏ సిస్టరూ నేర్పలేదు.

ఆ గదిలో ఒక కిటికీ సరిగా మూతపడదు, తీగతో కట్టి ఉంచారు. చలిగాలి కొడుతుందని దాని పక్కన ఎవరూ కూర్చోరు, ఒక్క పిల్ల తప్ప. ఆ పిల్ల పేరు మాస్టారి నోరు తిరగక, మనసులో కిటికీ అని పెట్టుకున్నాడు. ఒకరోజు పొరపాటున పైకే అనేస్తే, అర్థం తెలియకపోయినా ఆ పిల్ల పలికింది. అప్పట్నుంచీ అదే ఖాయమైంది.

స్టాఫ్‌రూమ్‌లో ఆయన బల్లకి ఎదురుగా లెక్కల టీచరమ్మ కూర్చునేది. ఆవిడకి ఇంగ్లీషు బాగా వచ్చు, వెక్కిరించడం ఇంకా బాగా వచ్చు. "మీ పిల్లలు మూగవాళ్లు కాదు మాస్టారూ, తప్పు మాట్లాడతామని భయం. ఇక్కడ తప్పు మాట్లాడితే ఏడాదంతా అదే అని ఏడిపిస్తారు" అని చెప్పింది.

అలా అయితే మందు తన దగ్గరే ఉందనుకున్నాడు మాస్టారు. కాన్వెంటు మందు. తప్పు రాకుండా ఒక నమూనా ఇస్తే సరి. బోర్డు మీద 'నా కుటుంబం' అని రాశాడు. ఏం రాయాలో అప్పటికప్పుడు తోచక తన చిన్నప్పటి ఇంటినే రాసేశాడు. మా నాన్న గూడ్సు రైలు గార్డు. మా నానమ్మకి ఒక కన్ను కనబడదు, అయినా, అన్నీ చూస్తుంది. నాకొక తమ్ముడు. వాడు సుద్దముక్కలు తింటాడు. మేం సంతోషంగా ఉంటాం. "ఇలాగే మీ ఇంటి గురించి చెప్పాలి" అన్నాడు. ఉచ్చారణ కోసం రోజూ అందరిచేతా ఒకేసారి చదివించాడు. పిల్లలు గొంతు విప్పారు. వారం తిరిగేసరికి కింద అంతస్తులో సైన్సు పాఠం ఆగిపోయేంత గట్టిగా చదివారు. ప్రిన్సిపాల్‌గారు మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి, గుండెల మీద చేయి వేసుకుంది. ఆ పూట మాస్టారు మెట్లు లెక్కపెట్టకుండా దిగాడు.

మళ్లీ లెక్కపెట్టడానికి ఎంతో కాలం పట్టలేదు. ఆ ఏడాది ఆఖర్న పరీక్షల బోర్డు నుంచి ఒకావిడ వచ్చి పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి ఇంగ్లీషులో మాట్లాడిస్తుంది. దాన్నే ఓరల్ పరీక్ష అంటారు. అది పాసైతేనే పై తరగతి. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, నీ కుటుంబం గురించి చెప్పు అని. పోయినేడు వేరే స్కూల్లో పిల్లలు బట్టీ పట్టి అప్పజెప్పారని క్లాసు క్లాసంతటికీ పరీక్ష రద్దు చేశారట. మళ్లీ ఏడాది చదవమంటే సగంమంది రాలేదట, పనుల్లో చేరిపోయారట. ఇదంతా ప్రిన్సిపాల్‌గారే చెప్పి, "మనకా భయం లేదు, అంతా మీ చలవ" అంది.

పరీక్ష రెండు రోజులుందనగా మాస్టారు తానే పరీక్ష పెట్టేవాడిలా కుర్చీ వేసుకుని, ముందు వరసలో ఉన్న పొడుగు కుర్రాణ్ని పిలిచాడు. "మా నాన్న గూడ్సు రైలు గార్డు" అన్నాడు వాడు. మాస్టారికి ఆనందం పట్టలేదు. ఈ దేశంలోనూ గార్డులున్నారు, పైగా తన క్లాసులోనే ఒక గార్డు కొడుకున్నాడు! రెండోవాడి తండ్రీ గార్డే. ఒకే డిపోలో పనిచేస్తారేమో అనుకున్నాడు. మూడో పిల్ల వచ్చి, నానమ్మకి ఒక కన్ను కనబడదు అని చెప్పి, ఒక ఊపిరి తీసుకుని, అయినా, అని ఇంకో ఊపిరి తీసుకుంది.

అప్పుడు అర్థమైంది. కామాలతో సహా పట్టేశారు.

ఒకరి తరవాత ఒకరు వచ్చారు. అందరికీ అదే తండ్రి, అదే నానమ్మ, సుద్దముక్కలు తినే అదే తమ్ముడు. అందరూ సంతోషంగా ఉన్నారు. మాస్టారు కుర్చీలో చెమటలు కక్కుతున్నాడు. చిన్నప్పుడు తానూ ఇదే చేశాడు. ఒకే గది కొంపలో ఉంటూ, మా ఇంటి ముందు గులాబీ తోట ఉంది అని ఏటా పరీక్షలో రాశాడు. సిస్టర్లు ఏటా మార్కులు వేశారు. నమూనా అంటే బట్టీ పట్టేయడమే తప్ప ఇంకో అర్థం ఉందని ఆయనకీ ఎవరూ చెప్పలేదు, ఆయనా వీళ్లకి చెప్పలేదు.

ఇది నా ఇల్లు, మీ ఇంటి గురించి చెప్పండి అన్నాడు. క్లాసు మళ్లీ బూట్లవైపు చూడటం మొదలెట్టింది. చేసేది లేక లెక్కల టీచరమ్మని పిలుచుకొచ్చాడు. ఆవిడ వాళ్ల భాషలో అడిగింది. చాలాసేపటికి కిటికీ ఒక్కతే ఏదో చెప్పింది. టీచరమ్మ వెంటనే తర్జుమా చేయలేదు, కళ్లజోడు తుడుచుకుంది.

"మీ ఇంట్లో అన్నిటికీ మాటలున్నాయట. వాళ్లింటి గురించి చెప్పాలంటే, 'మేం సంతోషంగా ఉంటాం' అనే వాక్యం ఎక్కడ పెట్టాలో తెలియట్లేదట."

ఆ సాయంత్రం మాస్టారు ఇంటికి ఫోన్ చేశాడు. విషయం విని భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. తమ్ముడు అక్కడే ఉన్నాడు, ఫోన్ లాక్కున్నాడు. తాను సుద్ద తిన్నమాట పరాయి దేశంలో ఒక తరగతి తరగతికి తెలిసిపోయిందా అని నిలదీశాడు. ఇంక తాను ఆ దేశంలో తలెత్తుకుని ఎలా తిరగాలి అన్నాడు. నువ్వు ఈ దేశం వచ్చే పనేముందిరా అంటే, "రావాలనుకున్నా రాకుండా చేశావు కదా" అని దెబ్బలాడాడు. భార్య మళ్లీ ఫోన్ తీసుకుంది. ఇప్పుడు ఆవిడ నవ్వడం లేదు.

"అది కాదండీ. ఆ వచ్చినావిడ, ఆ తమ్ముడు ఇప్పుడేం చేస్తున్నాడు అని అడిగితే? పిల్లలు ఏమంటారు?"

నమూనాలో తమ్ముడు ఇంకా సుద్ద తింటూనే ఉన్నాడు. అక్కడితో కథ ఆగిపోయింది. ఇంక ఒక్క ప్రశ్న చాలు, క్లాసంతా దొరికిపోవడానికి.

మర్నాడు బోర్డు ఖాళీగా ఉంచి, "తమ్ముడు పెద్దవాడయ్యాడు. తరవాత, ఏమైంది?" అని అడిగాడు. తీగ కట్టిన కిటికీ టకటకమంది. ఇంక లాభం లేదని సుద్ద కింద పెట్టబోతుంటే వెనకనుంచి ఒక్క మాట వచ్చింది.

"చచ్చిపోయాడు."

అన్నది ఆ పిల్ల, కిటికీ. "ఎలా?" అన్నాడు మాస్టారు.

"సుద్ద వల్ల."

క్లాసు నవ్వింది. ఆ గదిలో నవ్వు వినడం మాస్టారికి అదే మొదలు. పొడుగు కుర్రాడు లేచి, చావలేదు, సర్కస్‌లో చేరాడు అన్నాడు. కాదు, ఓడ నడుపుతున్నాడు అని ఇంకొకరు. పెళ్లినాడు పారిపోయాడు, ఇప్పటికీ పరిగెడుతున్నాడు అని మరొకరు. తప్పుల తడక ఇంగ్లీషు. క్రియలు ఒక దిక్కు, కర్తలు ఒక దిక్కు. కామా ఒక్కటి లేదు. సర్కస్ వాడికీ ఓడ వాడికీ వాదన ముదిరి బల్లలు చరుచుకున్నారు. మాస్టారు ఒక్క తప్పూ దిద్దలేదు. సంతోషించాడు కూడా, గంట మోగేదాకా.

గంట మోగాక భయం రెండింతలై తిరిగొచ్చింది. ముందు బట్టీ పట్టించాడు, ఇప్పుడు అబద్ధాలు నేర్పాడు. పరీక్షకి ముందు రోజు! సిస్టర్లే ఉండి ఉంటే స్కేలు విరిగిపోయేది.

పరీక్ష లైబ్రరీ గదిలో. తలుపుకి ఒక గాజు పలక, బయట వరండాలో బెంచీ. వచ్చినావిడ కళ్లజోడు తాడు మెడలో వేసుకుని, కూర్చోవడానికి దిండు ఇంటినుంచే తెచ్చుకుంది. ఎంతమందిని చూసి చూసి వెన్ను పోగొట్టుకుందో పాపం. నవ్వదు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వస్తున్నారు. ఏం అడిగింది అని మాస్టారు సైగ చేస్తే, "తమ్ముడు" అని ప్రతివాళ్లూ పెదవులు కదిపి చెబుతున్నారు. ఆయన పెన్ను మూత కొరికి కొరికి దాని ఆకారమే పోయింది.

ఇంకా సగంమంది ఉండగానే తలుపు తెరుచుకుంది. ఆవిడ పిల్లల్ని పిలవలేదు. మాస్టారిని పిలిచింది.

"ఈ ఊళ్లో గూడ్సు గార్డులు ఎంతమంది ఉన్నారు?" అంది, కూర్చోమనకుండానే.

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఇదంతా రైల్వే కాలనీ మేడమ్ అనొచ్చు. కానీ అరచెయ్యి చురుక్కుమంది, అరవై దాటినా ఆ చురుకు పోలేదు.

"ఒక్కరే మేడమ్. వేరే దేశంలో. పోయి చాలాకాలమైంది. ఆయన, మా నాన్న."

"అంటే బట్టీ."

"బట్టీయే. పట్టించింది నేను. వాళ్లకది తప్పని తెలియదు."

ఆవిడ ముందున్న కాగితాల మీద పెన్ను అడ్డంగా పెట్టింది. "తమ్ముడూ మీ తమ్ముడేనా? ఒకరు సర్కస్ అన్నారు, ఒకరు ఓడ అన్నారు. ఒకడింకా పరిగెడుతూనే ఉన్నాడట."

"అవి నేను చెప్పలేదు. అవన్నీ వాళ్ల అబద్ధాలే."

"మీరు రాసివ్వలేదని నేనెలా నమ్మను?"

ఈ ప్రశ్నకి ఆయన దగ్గర నమూనా లేదు. నాకు తట్టనిది ఏదైనా అడిగి చూడండి అన్నాడు. ఆవిడ ఆలోచించింది. తరవాత వచ్చేవాళ్లని అడుగుతాననీ, అదీ బట్టీయే అయితే పరీక్ష అక్కడితో ఆపేస్తాననీ చెప్పింది. బయటికెళ్లి వాళ్లతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా లోపలికి పంపమంది.

తరవాత ఉన్నది కిటికీ.

మాస్టారు చేత్తో రమ్మని సైగ చేశాడు. ఆ పిల్ల ఆయన మొహం చూసింది. మొహంలో ఏమీ లేకుండా ఉంచాలని ఆయన శతవిధాలా పాట్లు పడ్డాడు. పంటినొప్పి వచ్చినవాడిలా కనబడి ఉంటాడు. తలుపు మూసుకుంది.

గాజులోంచి ఆ పిల్ల వీపూ, జడా, అవతల ఆవిడ కళ్లజోడూ కనిపిస్తున్నాయి. ఆవిడ ఏదో అడిగింది. జడ కదల్లేదు. ఇంత నమూనా ఉండగా ఆ పిల్ల నోరు తెరవదేం? తెరిస్తే అదే గూడ్సు బండి వస్తుందేమోనని ఇంకో భయం. తెరవమనాలో వద్దనాలో తెలియక తలుపుకి అతుక్కుపోయాడు. లెక్కల టీచరమ్మ టీ పట్టుకుని వచ్చి, "కూర్చోండి మాస్టారూ, మీరు పడిపోతే మెట్లమీంచి దించడం నావల్ల కాదు" అంది. టీ ఆయన చేతిలోనే చల్లారిపోయింది.

అప్పుడు ఆ పిల్ల చెయ్యి లేచింది. గాలిలో ఒక బల్ల గీసింది. బల్లకి ఇటు ఒకరిని, అటు ఒకరిని కూర్చోబెట్టింది. మధ్యలో చెయ్యి ఆపి, వెతుక్కుని, మళ్లీ ఏదో చెప్పింది. బయటికి ఒక్క మాటా వినబడదు. అవతల ఆవిడ మాత్రం దిండు మీంచి ముందుకి జరిగింది. ఎవరికీ పట్టనంత సేపు పట్టింది.

కిటికీ బయటికి వచ్చి, ఎలా చేశావు అని ఆయన అడగకముందే తనే అడిగింది. టీచరమ్మ సాయం లేకుండా, ఇంగ్లీషులో, తప్పులతో.

"సార్. ఇద్దరు. ఒకే ఇంట్లో ఉంటారు. ఒకే బల్ల దగ్గర తింటారు. మాట్లాడరు. చాలా ఏళ్లు. దానికి ఒక మాట ఉందా?"

మాస్టారు వెతికాడు. తనకి తెలిసిన ఇంగ్లీషంతా తిరగేశాడు. దగ్గరదగ్గరగా కొన్ని వచ్చాయి గానీ ఏదీ సరిపోలేదు.

"లేదమ్మా" అన్నాడు.

"అదే అనుకున్నాను. నేను పొడుగ్గా చెప్పాను" అని బెంచీ చివర కూర్చుంది.

లోపలినుంచి తరవాతి పేరు పిలిచారు. పరీక్ష ఆగలేదు. మాస్టారు మాత్రం ఆఖరి పిల్లాడు బయటికి వచ్చేదాకా కూర్చోలేదు. సాయంత్రం ఆవిడ దిండు చంకన పెట్టుకుని వచ్చి తీర్పు చెప్పింది. గార్డుకీ నానమ్మకీ సుద్దకీ ఒక్కరికీ మార్కుల్లేవు. ఆ తరవాత మాట్లాడినదానికే మార్కులు. క్లాసు దాదాపు గట్టెక్కింది. ఇద్దరు కుర్రాళ్లు మాత్రం తమ్ముడి చేతిలో సుద్ద వదిలించలేక అక్కడే ఆగిపోయారు. వాళ్లు సెలవుల తరవాత మళ్లీ పరీక్షకి కూర్చోవాలి. కిటికీ పాసైంది, అందరికన్నా ఎక్కువేం కాదు, మధ్యరకంగా. మెట్లు దిగబోతూ ఆవిడ ఆగి, ఇంతకీ ఆ తమ్ముడు నిజంగా ఏం చేస్తాడు అని అడిగింది. డ్రైక్లీనింగ్ షాపు అన్నాడు మాస్టారు. ఆవిడ మొహం కొంచెం చిన్నబోయింది.

ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేశాడు. ఆ ఇద్దరి కోసం సెలవుల్లో కూడా ఉండిపోతానని చెబితే, ఉండండి, పేపరు శుభ్రంగా వస్తోంది అంది భార్య. పక్కనుంచి తమ్ముడు గొంతు వినబడుతూనే ఉంది. క్లాసు అల్లిన కథలన్నీ మాస్టారు ముందు రోజే ఫోన్‌లో ఆవిడకి చెబితే, ఆవిడ తమ్ముడికి చేరవేసింది. ఓడ కన్నా సర్కసే తనకి నప్పుతుందని అప్పటికే తేల్చుకున్నాడు కూడా. ఇక ఆగలేక ఫోన్ తీసుకున్నాడు.

"అది సరే అన్నయ్యా, నన్ను చంపిన పిల్లకి ఎన్ని మార్కులొచ్చాయి?"

"ఆ పిల్ల పరీక్షలో నిన్ను చంపలేదురా. నీ ఊసే ఎత్తలేదు. వాళ్లింటి సంగతి చెప్పుకుంది."

"మరి నేను అంత సుద్ద తిన్నది ఎందుకూ?" అన్నాడు తమ్ముడు.